సద్దాం ఉరి, హలబ్జా బాకీ

2006 మార్చి 3, శుక్రవారం. అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ హైదరాబాద్‌లో దిగారు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం చూసి, అక్కడినుంచి గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌కు వెళ్లి యువ పారిశ్రామికవేత్తలతో కూర్చున్నారు. అప్పటికి ఏడేళ్ల కిందట సైబర్ టవర్స్‌తో మొదలైన హైటెక్ సిటీకి అంతకన్నా పెద్ద గుర్తింపు ఏముంటుందని ఒక హైదరాబాద్ మురిసిపోయింది. ఇంకో హైదరాబాద్‌లో అదే పూట దుకాణాలు మూతపడ్డాయి, నల్లజెండాలు లేచాయి. ఇరాక్‌ను నేలమట్టం చేసినవాడికి ఇక్కడ స్వాగతమేమిటని వామపక్షాలూ ముస్లిం సంస్థలూ వీధుల్లోకి వచ్చాయి.

సరిగ్గా రెండు రోజుల ముందు, మార్చి 1న, బాగ్దాద్ కోర్టులో ఇరాక్ మాజీ నియంత సద్దాం హుస్సేన్ లేచి నిలబడ్డాడు. దుజైల్ వాసులను విచారణకు పంపింది తానేనని, వాళ్ల తోటలు పీకించింది తానేనని చెప్పాడు. అందులో నేరమేముందని ఎదురడిగాడు.

ఆ ఏడాది చివర్లో, డిసెంబర్ 30 తెల్లవారుజామున, అతణ్ని ఉరితీశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ ఉరి మీద ముస్లింల అభిప్రాయం ఏమిటన్న ప్రశ్న అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఐటీ కారిడార్ క్యాంటీన్లలో ఇది కొత్త రూపాల్లో వస్తుంటుంది. పశ్చిమాసియాలో ఏం జరిగినా, ఢాకాలో ఏం జరిగినా, టేబుల్ చుట్టూ ఉన్న నలుగురిలో ముస్లిం ఒక్కడే అయితే ముగ్గురూ అతని వైపు తిరుగుతారు. ‘మీవాళ్లేమంటున్నారు?’ అడిగేవాడి మనసులో చెడు ఉండకపోవచ్చు. కానీ ఆ ప్రశ్నలోనే పొరపాటుంది. సద్దాం ఉరి మీద ముస్లింలు ఒక మాట మీద ఎన్నడూ లేరు, ఉండే అవకాశమూ లేదు. ఎందుకంటే అతని చేతుల్లో చచ్చినవాళ్లలో అత్యధికులు ముస్లింలే. అతని కోసం ఏడ్చినవాళ్లలోనూ ఎక్కువమంది ముస్లింలే.

మొదట చచ్చినవాళ్ల సంగతి. 1982 జూలై 8న దుజైల్ అనే షియా పట్టణంలో సద్దాం కాన్వాయ్ మీద కాల్పులు జరిగాయి. అతనికి ఏమీ కాలేదు. ఊరికి మాత్రం నూకలు చెల్లాయి. పసివాళ్లతో సహా వందల మందిని పట్టుకుపోయారు. 148 మంది మగవాళ్లను, పిల్లలను చంపారు. ఖర్జూర తోటలను బుల్డోజర్లతో తవ్వించారు. 1980లో నజఫ్‌కు చెందిన మహా పండితుడు అయతుల్లా మొహమ్మద్ బాకిర్ అల్ సద్ర్‌ను, ఆయన చెల్లెలినీ చంపించారు. 1988 మార్చి 16న హలబ్జా అనే కుర్దుల పట్టణం మీద విషవాయువు చల్లితే సుమారు 5 వేల మంది నిలబడ్డచోటే కూలిపోయారు. ఆ ఏడాది సాగిన అన్ఫాల్ దాడుల్లో చనిపోయిన కుర్దులు తక్కువలో తక్కువ 50 వేలు, కుర్దుల లెక్కలో లక్షా 82 వేలు. కుర్దుల్లో అత్యధికులు సున్నీలు. సద్దాం కూడా సున్నీయే. షియాలను సున్నీ నియంత చంపాడని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్లు హలబ్జా దగ్గరికొచ్చేసరికి తడబడేది ఇందుకే.

హైదరాబాద్‌లో ఈ చీలిక పుస్తకాల్లో చదువుకునే విషయం కాదు. దారుల్‌షిఫా, యాకుత్‌పురా ఇళ్లల్లో కర్బలా, నజఫ్ యాత్ర చేసి రావడం జీవితాశయం. 1991 తిరుగుబాటును అణచే పేరుతో సద్దాం సైన్యం ఆ రెండు ఊళ్లనూ తుపాకులతో, ఫిరంగులతో ముంచెత్తింది. ఇమాం హుస్సేన్ దర్గా గోడలకూ దెబ్బలు తగిలాయి. ఆ వార్త విన్నవాళ్ల ఇళ్లల్లో సద్దాం పేరు జాలిమ్ (దుర్మార్గుడు) అన్న మాటతో కలిసే వినిపించేది.

అదే పాతబస్తీలో ఇంకో గల్లీలో ఆ పేరే బిడ్డకు పెట్టుకున్నారు. 1990 ఆగస్టు నుంచి 1991 ఫిబ్రవరి దాకా సాగిన గల్ఫ్ సంక్షోభంలో అమెరికాకు ఎదురునిలిచాడన్న ఒక్క కారణంతో దేశమంతటా ఎందరో తండ్రులు, తాతలు మగపిల్లలకు సద్దాం అని పేరు పెట్టారు. ఆ పిల్లలకు ఇప్పుడు ముప్పై అయిదేళ్లు. ఆ వయసువాళ్లు ఐటీ కారిడార్‌లో టీమ్ లీడ్లు, మేనేజర్లు. పేరు పెట్టిన తాతకు అమెరికా మీద కోపం తీరిందో లేదో గానీ, మనవడికి మాత్రం వీసా ఇంటర్వ్యూలో, హెచ్ఆర్ గదిలో సంజాయిషీ ఇచ్చుకోవడమే మిగిలింది. జార్ఖండ్‌కు చెందిన ఒక మెరైన్ ఇంజినీరు కథ 2017లో పత్రికలకెక్కింది. మంచి మార్కులతో పాసై, కంపెనీ తర్వాత కంపెనీ తిప్పి పంపేస్తుంటే, తాత ప్రేమగా పెట్టిన సద్దాం పేరే అడ్డమని తెలిసి, కోర్టు గుమ్మమెక్కి పేరు మార్చుకున్నాడు. పేరు మార్చుకున్నా సర్టిఫికెట్లలో పాతపేరు అప్పటికి అలాగే ఉంది. ఉరితీసిన నియంతకు ఇక ఏ శిక్షా లేదు. అతనెవరో తెలియని వయసులో ఆ పేరు మోసినవాడికి మాత్రం ఆ శిక్ష నడుస్తూనే ఉంది. ఇది అన్యాయమని గట్టిగా చెప్పాలి.

కువైట్‌ను ఆక్రమించినప్పుడు దెబ్బతిన్న తెలుగువాళ్లను కూడా తలచుకోవాలి. 1990 ఆగస్టు 2 తర్వాత కువైట్, ఇరాక్‌లలో చిక్కుకున్న లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇంటికి చేర్చారు. కడప, గోదావరి జిల్లాలనుంచి, హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు అందులో ఉన్నారు. జీతాల బకాయి, దాచుకున్న దినార్లు, సామాను అన్నీ అక్కడే వదిలేసి వచ్చారు. ఆ ఇళ్లల్లో ముస్లింలున్నారు, హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. వాళ్లకు సద్దాం వీరుడు కాదు, కడుపు కొట్టినవాడు.

ఇక ఉరి జరిగిన తీరు. సద్దాంను 2003 డిసెంబర్ 13న తిక్రిత్ దగ్గర నేలమాళిగ లాంటి గుంతలోంచి పట్టుకున్నారు. 2005 అక్టోబర్ 19న దుజైల్ కేసు మొదలైంది. విచారణ సాగుతుండగానే రక్షణ తరఫు న్యాయవాదులు ముగ్గురు హత్యకు గురయ్యారు. మరీ మెతకగా ఉన్నారన్న విమర్శలు, ఒత్తిళ్ల మధ్య మొదటి ప్రధాన న్యాయమూర్తి రిజ్గార్ అమీన్ తప్పుకొన్నారు. తర్వాత వచ్చిన రవూఫ్ అబ్దుల్ రెహ్మాన్ హలబ్జాకు చెందినవారు. 2006 నవంబర్ 5న తీర్పు, డిసెంబర్ 26న అప్పీలు కొట్టివేత, నాలుగు రోజుల్లో ఉరి. విచారణలో లోపాలున్నాయని చెప్పిన సంస్థల్లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఒకటి. అన్ఫాల్ ఘోరాలను సాక్ష్యాధారాలతో లోకానికి చూపింది కూడా ఆ సంస్థే. సద్దాం మీద జాలితో ఆ మాట అనలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఎంచుకున్న రోజు ఇంకా ఘోరం. సౌదీలో, ఇరాక్ సున్నీలకు ఆ శనివారమే ఈదుల్ అజ్హా. హాజీలు మినాలో ఉన్న రోజు, ఖుర్బానీ రోజు. ఇరాక్ షియాలకు పండగ మర్నాడు. మన దగ్గర బక్రీద్ 2007 జనవరి 1న వచ్చింది. శిక్షపడినవాడి మతానికి చెందిన పండగ రోజుల్లో ఉరి అమలు చేయరాదని ఇరాక్ నేర విచారణ చట్టమే చెబుతోంది. అప్పటి అధ్యక్షుడు జలాల్ తలబానీ కుర్దు. ఏళ్ల తరబడి సద్దాంతో పోరాడిన మనిషి. మరణశిక్షకు తాను వ్యతిరేకమని చెప్పి ఉత్తర్వు మీద సంతకం చేయలేదు. ప్రధాని నూరీ అల్ మాలికీ చేశారు. చట్టమూ, పండగా, తలబానీ మనస్సాక్షీ అన్నీ పక్కకు జరిగాయి.

తర్వాత సెల్‌ఫోన్ వీడియో. అధికారికంగా విడుదల చేసిన మూగ దృశ్యాల్లో సద్దాం మెడకు తాడు వేయడం వరకే ఉంది. ఎవరో దొంగతనంగా తీసిన వీడియోలో మాటలున్నాయి. ఉరికంబం కిందనుంచి షియా నాయకుడి పేరుతో ‘ముక్తదా, ముక్తదా’ అంటూ కేకలు, బాకిర్ అల్ సద్ర్‌కు జేజేలు. చనిపోబోతున్న మనిషి ముందు ఇలా వద్దని ప్రాసిక్యూటర్ మున్‌కిజ్ అల్ ఫరూన్ బతిమాలడం వినిపిస్తుంది. సద్దాం కలిమా చదవడం మొదలుపెట్టాడు. రెండోసారి చదువుతుండగా మధ్యలో, మొహమ్మద్ పేరు దగ్గర, కాళ్ల కింది తలుపు తెరిచేశారు. బ్లూటూత్‌లో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకిన ఆ రెండున్నర నిమిషాలు చూసిన ఎంతోమంది ముస్లింల మనసులో సద్దాం చేసిన పాపాల లెక్క ఆ క్షణంలో చెదిరిపోయింది. కలిమా పూర్తిచేయనివ్వలేదన్న ఒక్క సంగతి మిగిలింది.

స్పందనలు ఎన్ని దిక్కులుగా వచ్చాయో చూడండి. బాగ్దాద్‌లోని సద్ర్ సిటీలో, నజఫ్‌లో సంబరాలు. కువైట్, ఇరాన్ ప్రభుత్వాలు స్వాగతించాయి. గడాఫీ ఏలుతున్న లిబియా మూడు రోజుల సంతాపం ప్రకటించింది. హమాస్ దీన్ని రాజకీయ హత్య అంది. పవిత్ర దినాన ఈ పనేమిటని సౌదీ అధికారిక వార్తాసంస్థ ఆశ్చర్యం, బాధ వెలిబుచ్చింది. చంపి షహీద్‌ను (అమరుణ్ని) చేశారని ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ తప్పుపట్టారు. ఇక్కడ విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ నిరాశ వ్యక్తం చేశారు. కేరళలో వామపక్షాలు హర్తాళ్ చేశాయి. కొన్ని వారాల తర్వాత బెంగళూరులో ఈ ఉరికి నిరసనగా జరిగిన ఊరేగింపు గొడవలకు దారితీసి, ఆ నగరాన్ని కొన్ని రోజులు అట్టుడికించింది. బాగ్దాద్‌లో లాగిన తాడుకు శివాజీనగర్ వీధుల్లో అద్దాలు పగలడం ఎంత వ్యర్థమో, ఆ గొడవల్లో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు తెలుసు.

ఇన్ని గొంతుల్లో అందరికన్నా ముందు వినాల్సింది కుర్దుల గొంతు. సద్దాంను చంపాలని కోరుకునే హక్కు ఎవరికైనా ఉంటే వాళ్లకే ఎక్కువ. అన్ఫాల్ కేసు 2006 ఆగస్టు 21న మొదలైంది. పల్లెలనుంచి వచ్చిన ఆడవాళ్లు, ముసలివాళ్లు ఎదురుగా కూర్చున్న సద్దాం కళ్లల్లోకి చూస్తూ వాయువు వాసన ఎలా ఉందో, బిడ్డలు ఎలా పోయారో చెబుతున్నారు. ఆ కేసు సగంలో ఉండగానే నిందితుణ్ని ఉరితీశారు. 2007 జనవరిలో కోర్టు తిరిగి కూర్చున్నప్పుడు అతని కుర్చీ ఖాళీ. అతని మీద అభియోగాలు రద్దయ్యాయి. హలబ్జా కేసులో తీర్పు 2010 జనవరిలో వచ్చింది. అది సద్దాం దాయాది అలీ హసన్ అల్ మజీద్ మీద. లోకం కెమికల్ అలీ అని పిలిచిన ఆ మనిషికి ఉరిపడింది. అంతా ఎవరి ఆజ్ఞతో జరిగిందో ఆ మనిషి మాత్రం హలబ్జాకు సంబంధించి ఒక్క తీర్పూ వినకుండానే పోయాడు.

ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో ఖిసాస్ అనే భావన ఉంది. హత్యకు శిక్ష కోరే హక్కు హతుడి వారసులది. వాళ్లు శిక్ష కోరవచ్చు, పరిహారం తీసుకోవచ్చు, క్షమించనూ వచ్చు. రాజు ఆ హక్కును తన చేతుల్లోకి లాక్కోకూడదని పండితులు శతాబ్దాలుగా చెబుతూ వచ్చారు. ఆ కొలతతో చూసినా బాగ్దాద్‌లో జరిగింది తప్పే. దుజైల్ వారసులకు దక్కిందేదో దక్కింది. హలబ్జా వారసులను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఉరి తప్పు అన్న ముస్లింలలో సద్దాం అభిమానులున్నారు, ఆ సంగతి దాచనక్కర్లేదు. కానీ సద్దాంను అసహ్యించుకుంటూనే ఈ ఉరిని తప్పుపట్టినవాళ్లున్నారు, ఉత్తర్వు మీద సంతకం చేయని తలబానీ కూడా ఉన్నారు. వాళ్ల మాటకు బరువెక్కువ.

దింపేసిన ప్రభువును ఏం చేయాలన్న ప్రశ్న తెలుగు నేలకూ ఒకప్పుడు వచ్చింది. ఈరోజు అద్దాల మేడలు లేచిన రాయదుర్గం, మణికొండ రికార్డుల్లో ఇప్పటికీ నిజాం కాలపు పాయిగా, జాగీర్ అన్న మాటలు తోకలై ఉన్నాయి.  ఈ నేలంతా నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలోది. 1948 సెప్టెంబర్ 13న పోలీస్ చర్య పేరుతో భారత సైన్యం అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. అతణ్ని జైల్లో పెట్టలేదు. 1950 జనవరి 26 నుంచి 1956లో రాష్ట్రం మారేదాకా రాజ్‌ప్రముఖ్ పదవి, ఏటా 50 లక్షల రాజభరణం. 1967లో తన మంచం మీదే పోయాడు. అతని పేరుతో ఊళ్ల మీద పడ్డ రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీకి బీబీనగర్ దోపిడీ కేసులో జైలు. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

ఉరిశిక్షలు పడలేదని కాదు. పడ్డాయి, రైతులకు. సైనిక పాలన వేసిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న 12 మందికి 1949లో ఉరి విధించాయి. వాళ్లలో నల్లా నరసింహులు ఒకరు. లండన్‌నుంచి న్యాయవాది డీఎన్ ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించారు. దేశదేశాల్లో ఆందోళన లేచింది. చివరికి ఉరి యావజ్జీవమైంది. పోలీస్ చర్య వేళ, ఆ తర్వాత చనిపోయినవాళ్లు, ఎక్కువగా ముస్లింలు, 27 వేలనుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక జనం చేతికి రావడానికి 2013 దాకా పట్టింది. ప్రభువును క్షమించడం తెలివైన పనే కావచ్చు. కానీ కింద చచ్చినవాళ్లకు ఇక్కడా సరైన విచారణ దక్కలేదు.

నిజాం మీద కూడా ముస్లింలది ఒకే మాట కాదు. ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను, హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో కాచిగూడ దగ్గర దుండగులు కాల్చారు, రాసిన చెయ్యి నరికారు. ఆయన వయసు ముప్పై దాటలేదు. మఖ్దూం మొహియుద్దీన్ కవిగా, కమ్యూనిస్టుగా నిజాంను ఎదిరించి అజ్ఞాతంలోకి వెళ్లారు. ఉస్మానియా ఆస్పత్రి, హైకోర్టు కట్టించాడని నిజాంను తలచుకునే ముస్లిం ఇళ్లూ ఉన్నాయి. అప్పుడు ఎవరైనా ‘హైదరాబాద్ ముస్లింలు ఏమంటున్నారు?’ అని అడిగితే షోయబుల్లా ఖాన్ జవాబు ఒకటి, ఖాసిం రజ్వీ జవాబు ఇంకొకటి. ఒకరు ఇంకొకరి మనుషుల చేతుల్లో చచ్చిపోయారు.

ఈ చర్చ ఇప్పుడు మళ్లీ మన గుమ్మంలోకి వచ్చింది. బంగ్లాదేశ్‌ను ఏలి, 2024 ఆగస్టు 5న పదవి వదిలి భారత్‌కు వచ్చేసిన షేక్ హసీనాకు ఢాకాలోని అంతర్జాతీయ నేరాల ట్రిబ్యునల్ 2025 నవంబర్ 17న మరణశిక్ష విధించింది. నిందితురాలు కోర్టులో లేకుండానే తీర్పు వచ్చింది. ఆ ట్రిబ్యునల్‌ను 2010లో ఏర్పాటు చేసింది హసీనా ప్రభుత్వమే. అప్పట్లో జమాతే ఇస్లామీ నాయకులను అది ఉరికి పంపింది. 2024 జూలై, ఆగస్టుల్లో నిరసనల అణచివేతలో 1,400 మంది దాకా చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. ఆ చనిపోయినవాళ్ల కుటుంబాలకు న్యాయం కావాలి, అందులో సందేహం లేదు. ఎదురుగా నిలబెట్టి, సాక్షులను నిందితురాలి లాయర్ల ముందే ప్రశ్నించి, ఒక్కో చావుకూ ఎవరు ఆజ్ఞ ఇచ్చారో రికార్డులోకి ఎక్కించి, ఆ తర్వాత శిక్ష వేయాలి. బాగ్దాద్‌లో ఆ ఓపిక లేకపోయింది. ఢాకాలో ఆ ఓపిక చూపాలి. హసీనాకు ఆశ్రయమిచ్చిన ఢిల్లీ కూడా మౌనం వదిలి, నిష్పక్షపాత విచారణకు హామీ కోరి, ఆ హామీ దొరికిన రోజున ఆమెను పంపే విషయం మీద తన మాట చెప్పాలి.

ఇక గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో పక్క కుర్చీలో కూర్చున్న ముస్లిం సహోద్యోగిని ఈ వార్తల మీద సమాధానం చెప్పమని నిలదీసేవాళ్లకు ఒక విన్నపం. అతని పేరు సద్దాం అయినా, హసన్ అయినా, ఆ ప్రశ్న ముందు మీరు మీకు వేసుకోండి. దుజైల్ ఎక్కడుందో, హలబ్జాలో ఏం జరిగిందో, షోయబుల్లా ఖాన్ ఎవరో తెలుసుకుని, మీ సొంత అభిప్రాయం చెప్పి, ఆ తర్వాత అతని అభిప్రాయం అడగండి. అతను చెప్పేది అతని ఒక్కడి మాటగానే వినండి.